పెరిగిన ధర, తరిగిన విలువ

కోల్‌కతా శివారులోని న్యూ టౌన్‌లో పాతికేళ్ల క్రితం వరి పండిన నేల ఇప్పుడు లక్షలు, కోట్లు పలుకుతోంది. ఆ నేల కోల్పోయినవారు న్యాయంగా అడిగిన వాటా, బెదిరించి దండుకునే వ్యాపారంగా ఎలా మారింది? తప్పు డబ్బుదేనా?

కోల్‌కతా విమానాశ్రయంలో దిగి విశ్వబంగ్లా సరణి మీదుగా నగరంలోకి వెళ్లేవారికి మొదట ఎదురయ్యేది కోల్‌కతా కాదు, న్యూ టౌన్. వెడల్పాటి రోడ్డు, దానికి అడ్డంగా గాలిలో వేలాడే రెస్టారెంటుతో విశ్వబంగ్లా తోరణం, 2012లో తెరిచిన ఎకో పార్కు, ఐటీ కంపెనీల అద్దాల భవనాలు, పేరుకో ఆంగ్ల పదం తగిలించుకున్న అపార్ట్‌మెంట్ల బారులు. పాత కోల్‌కతా ఇరుకు సందులు, పెచ్చులూడిన గోడలు ఇక్కడ వెతికినా కనిపించవు. బెంగాలీ మధ్యతరగతి తన కోసం కట్టుకున్న కలల నగరం ఇది.

కానీ ఈ నగరంలో ఇల్లు కట్టుకోవాలనుకున్న వారికి ఏళ్ల తరబడి తెలిసినవాళ్లు ఒక మాట ముందే చెవిన వేసేవారు. ప్లానుకు ఆమోదం నిబంధనల ప్రకారం తెచ్చుకోవచ్చు. మేస్త్రీని నచ్చిన చోటి నుంచి పిలిపించుకోవచ్చు. ఇసుక, ఇటుక, కంకర మాత్రం స్థానిక ‘సిండికేట్’ దగ్గరే కొనాలి. ధర వాళ్లు చెప్పిందే, కొలత వాళ్లు కొలిచిందే, నాణ్యత వాళ్లకు తోచిందే. కాదంటే బయటి లారీ లోపలికి రాదు, పని ముందుకు సాగదు.

బయటినుంచి చూస్తే ఇది పచ్చి దోపిడీ. డబ్బు మనిషిని ఎంతకు దిగజారుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదనిపిస్తుంది. అయితే ఈ కథను మొదటి నుంచి చూసినవారికి అంత తేలికైన తీర్పు తోచదు. ఎందుకంటే ఆ లారీని ఆపిన యువకుల్లో చాలామంది తండ్రులు ఒకప్పుడు ఆ నేల దున్నినవారు. ఆ కథలో మొదట లెక్క తప్పింది వాళ్లు కాదు.

గజం 75 రూపాయలు

న్యూ టౌన్ పుట్టకముందు అది రాజార్‌హాట్. మహిష్‌బథాన్, ఠాక్‌దారి, ఘుని, జత్రాగాఛి, సులంగురి లాంటి పల్లెలు. వరి పొలాలు, కూరగాయల మడులు, బెంగాలీలు ‘భేరీ’ అని పిలుచుకునే చేపల చెరువులు, వాటి మధ్య కాలువలు. కోల్‌కతా వంటిళ్లకు కూరగాయలు, చేపలు చేరవేసిన పరిసరాలివి.

1990ల చివర్లో జ్యోతిబసు నాయకత్వంలోని వామపక్ష ప్రభుత్వం ఇక్కడ కొత్త నగరం కట్టాలని నిర్ణయించింది. ఆ పనికోసం 1999లో గృహనిర్మాణ, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ ‘హిడ్కో’ ఏర్పాటైంది. గృహనిర్మాణ మంత్రి గౌతమ్ దేబ్ ప్రాజెక్టుకు సారథి. దాదాపు 3,000 హెక్టార్ల మేరకు తలపెట్టిన ఈ ప్రణాళిక కోసం 1894 నాటి భూసేకరణ చట్టాన్ని ప్రయోగించారు. ప్రజాప్రయోజనం అని సర్కారు ఒక్క మాట అంటే చాలు, రైతు ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా భూమి తీసుకునే వీలు కల్పించిన వలసపాలకుల చట్టమది.

తొలి రోజుల్లో రైతుకు దక్కింది కట్టాకు ఆరు వేల రూపాయల స్థాయిలోనే. మనకు ఎకరాలు, గజాలు ఎలాగో బెంగాల్‌లో కట్టాలు, బీఘాలు అలాగ. కట్టా అంటే 720 చదరపు అడుగులు, అంటే 80 గజాలు. లెక్క వేస్తే గజానికి 75 రూపాయలు. ఇరవై కట్టాలు ఒక బీఘా. రెండు బీఘాల రైతుకు మొత్తం ముట్టింది రెండు లక్షల నలభై వేలు. బిమల్ రాయ్ 1953లో తీసిన ‘దో బీఘా జమీన్’ చిత్రంలో రైతు పోగొట్టుకోకుండా కాపాడుకోవాలని కలకత్తా వీధుల్లో రిక్షా లాగడానికి కారణమైన భూమీ అంతే. దశాబ్దం తిరిగేసరికి రాజార్‌హాట్‌లో అదే కట్టా లక్షల్లో పలికింది. పరిహారం సొమ్మంతా కూడగట్టినా, తన పొలంలోనే లేచిన అపార్ట్‌మెంటులో ఆ రైతుకు ఓ గది కూడా రాని పరిస్థితి.

భూమి ధర పెరగడం నేరమేమీ కాదు. రోడ్లు, నీళ్లు, కరెంటు వచ్చాక ఏ నేలకైనా ధర వస్తుంది. ప్రశ్న ఆ పెరుగుదల ఎవరికి చెందాలన్నదే. న్యూ టౌన్‌లో అది ప్రభుత్వ సంస్థకు, బిల్డర్లకు, తొలి విడతలో ప్లాట్లు, ఫ్లాట్లు దక్కించుకున్నవారికి చెందింది. ఆ నేలను తరాలుగా సాగు చేసినవారు మాత్రం పాత ధరకే లెక్క తేల్చుకుని పక్కకు తప్పుకోవలసి వచ్చింది.

ఇందులోని విడ్డూరం బెంగాల్ చరిత్ర తెలిసినవారికి వెంటనే తడుతుంది. 1978లో ‘ఆపరేషన్ బర్గా’ పేరుతో 14 లక్షలకు పైగా కౌలుదార్ల పేర్లను రికార్డుల్లోకి ఎక్కించింది ఈ వామపక్ష ప్రభుత్వమే. దున్నేవాడికి హక్కు ఉందని దేశానికి చాటి, ఆ పుణ్యంతోనే ముప్ఫై ఏళ్లకు పైగా గెలుస్తూ వచ్చింది. అదే ప్రభుత్వం రాజార్‌హాట్‌కు వచ్చేసరికి నేలను సరుకుగా, రైతును అమ్మకందారుగా చూసింది. అమ్మకందారు అన్నా తప్పే. అమ్మేవాడికి కాదనే స్వేచ్ఛ ఉంటుంది. రాజార్‌హాట్ రైతుకు అది కూడా లేదు.

సొమ్ము ఇంట్లోకి వచ్చాక

పొలం ఉన్న ఇల్లు, పొలం అమ్మిన సొమ్ము ఉన్న ఇల్లు ఒకటి కావు. పొలం ఉన్నంతకాలం అన్నదమ్ముల వాటాలు కాగితం మీదకు రాకపోయినా గడిచిపోతుంది. పంట వచ్చినప్పుడు పంచుకుంటారు, రానప్పుడు సర్దుకుంటారు. అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు పండక్కి వచ్చి బియ్యం మూట తీసుకెళుతుంది. ముసలి తల్లికి అన్నం పెట్టేదెవరన్న ప్రశ్న తలెత్తదు. అదే పొలం చెక్కుగా మారిన రోజు ప్రతి బంధానికీ ఒక భిన్నం రాయాలి. ఎవరికి సగం, ఎవరికి పావు, ఎవరికి సున్నా అన్నది తేలాలి. భూసేకరణ జరిగిన ప్రతి ఊళ్లోనూ సివిల్ కోర్టు దారి తెలియని కుటుంబాలు ఆ దారి తెలుసుకున్నది ఇలాగే.

సున్నా పడినవారు ఇంకా ఎక్కువ. పాత చట్టం ప్రకారం పరిహారం భూమి మీద హక్కు చూపించగలిగినవారికే. ఆ పొలంలో నాట్లు వేసిన కూలీకి, చెరువులో వల విసిరిన జాలరికి, గట్టున గడ్డి కోసుకుని రెండు మేకల్ని సాకిన విధవరాలికి చూపించడానికి కాగితమేమీ లేదు. రణబీర్ సమద్దార్, ఇషితా డే, సుహిత్ సేన్ రాజార్‌హాట్ మీద పరిశోధించి 2013లో వెలువరించిన ‘బియాండ్ కోల్‌కతా’ పుస్తకం ఈ కొత్త నగరం అంచుల్లో మిగిలిన జీవితాలను నమోదు చేసింది. నిన్నటి సాగుదార్ల కుటుంబాలు టీ దుకాణాలకు, సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలకు, ఫ్లాట్లలో పాచిపనికి మళ్లాయి. తమ పొలం ఏ టవర్ కింద ఉందో వేలు పెట్టి చూపించగలవారే ఆ టవర్ గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం చేసి లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

ఈ అవమానానికి ధర లేదు కాబట్టి ఏ పరిహారపు పట్టికలోనూ అది చేరలేదు. కానీ అది ఎక్కడికీ పోలేదు. మరో రూపంలో తిరిగి వచ్చింది.

హక్కు నుంచి వసూలుకు

భూమి కోల్పోయిన యువకులకు ఏదో ఒక ఉపాధి చూపాలన్న ఆలోచనతోనే కథ మొదలైంది. వేల ఇళ్లు కడుతున్నప్పుడు వాటికి ఇసుక, ఇటుక, కంకర, మట్టి కావాలి. ఆ సరఫరా స్థానికులకే ఇస్తే సరి. భూమి కోల్పోయినవారి సహకార సంఘాలు వెలిశాయి. చిన్నచిన్న కాంట్రాక్టులు వారికి దక్కాయి. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. నేల ఇచ్చినవాడు దానిమీద లేస్తున్న నగరంలో చిన్న వాటా అడగడం న్యాయమే కాదు, కనీస న్యాయం.

దిగజారుడు మెట్టుమెట్టుగా జరిగింది. ప్రతి మెట్టుకూ ఓ సమర్థన ఉంది. మా దగ్గరే కొనండని అడగడం మొదటి మెట్టు. మా దగ్గరే కొనాలని శాసించడం రెండోది. మార్కెట్ కంటే ఎక్కువ ధర వేయడం మూడోది. పోగొట్టుకున్నదాని ముందు ఇదెంత అన్నది దానికి సమాధానం. తక్కువ కొలత, నాసిరకం సరుకు నాలుగోది. సరుకేమీ లేకుండా కేవలం పని అడ్డుకోకుండా ఉండటానికే సొమ్ము పుచ్చుకోవడం ఆఖరి మెట్టు. అక్కడికి చేరేసరికి నేల కోల్పోయినవాడు ఎవడో, నేల ఎన్నడూ లేనివాడు ఎవడో తెలియని స్థితి వచ్చింది. పోగొట్టుకున్నవారి పేరు చెప్పి పోగొట్టుకోనివారు సంపాదించడం మొదలైంది.

ఇంత సొమ్ము పోగయ్యే చోట రాజకీయం దూరంగా ఉండదు. ఏ సిండికేట్‌కు ఏ బ్లాకు అన్నది తేల్చాలంటే పెద్ద మనిషి కావాలి. పెద్ద మనిషికి ఎన్నికల్లో జెండా మోసే కుర్రాళ్లు కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వామపక్షాల హయాంలోనే కుదిరింది. 2009 ఆగస్టులో రాజార్‌హాట్ పక్కనే ఉన్న వేదిక్ విలేజ్ రిసార్టు దగ్గర ఫుట్‌బాల్ మ్యాచ్ గొడవ కాల్పులకు దారితీసి ఓ స్థానికుడు ప్రాణం కోల్పోయాడు. ఆగ్రహించిన జనం రిసార్టుకు నిప్పు పెట్టారు. పొలాల కొనుగోళ్ల వెనక తుపాకులు పట్టిన ముఠాలున్నాయన్న సంగతి ఆ మంటల వెలుగులో కోల్‌కతా భద్రలోకానికి కనిపించింది. అక్కడ తలపెట్టిన ఐటీ టౌన్‌షిప్‌ను బుద్ధదేవ్ భట్టాచార్య ప్రభుత్వం వదులుకోవలసి వచ్చింది.

2011లో 34 ఏళ్ల వామపక్ష పాలన ముగిసింది. సింగూరు, నందిగ్రామ్ రైతుల పక్షాన పోరాడిన తృణమూల్ కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. సిండికేట్లు మాత్రం పోలేదు, జెండా మార్చాయి. అధికార పక్షంలోనే రెండు వర్గాలు న్యూ టౌన్ సిండికేట్ల మీద పట్టు కోసం కొట్టుకుంటున్నాయని ఆ తర్వాతి సంవత్సరాల్లో కోల్‌కతా పత్రికలు వరుసగా రాశాయి. 2016 అసెంబ్లీ ఎన్నికల నాటికి సిండికేట్ అన్నది రాష్ట్రమంతటా తిట్టు మాటగా మారింది. ప్రధాని నరేంద్ర మోదీ ప్రచార సభల్లో దాన్ని ఎత్తిచూపారు. దానికి నారు పోసిన వామపక్షాలు కూడా గొంతు కలిపాయి. గెలిచాక ముఖ్యమంత్రి మమతా బెనర్జీ సిండికేట్లను సహించేది లేదని తమ పార్టీవారిని హెచ్చరించారు. ఆ జూలైలో పక్కనే ఉన్న బిధాన్‌నగర్‌లో ఇంటి మరమ్మతుకు డబ్బు డిమాండ్ చేశాడన్న ఆరోపణపై అధికార పార్టీ కార్పొరేటర్ ఒకరు అరెస్టయ్యారు. కంచే చేను మేస్తోందని అందరికీ ఎప్పుడో తెలుసు. సర్కారు ఒప్పుకున్నది మాత్రం అప్పుడే.

హైదరాబాద్‌కూ తగిలిన దెబ్బ

ఎవరికి వారు కాస్త తీసుకుంటే మునిగేదేమిటన్న వాదనకు అదే సంవత్సరం బెంగాల్‌లో భయంకరమైన సందర్భం ఒకటి వచ్చింది. 2016 మార్చి 31న కోల్‌కతా నడిబొడ్డున బడాబజార్ ప్రాంతంలో, నిర్మాణంలో ఉన్న వివేకానంద రోడ్డు ఫ్లైఓవర్ కూలి పాతికమందికి పైగా చనిపోయారు. దాన్ని కడుతున్నది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఐవీఆర్‌సీఎల్. ఇది దైవ ఘటన తప్ప మరేం కాదన్న అర్థం వచ్చేలా కంపెనీ ప్రతినిధి చేసిన వ్యాఖ్య దేశమంతటా ఆగ్రహం రేపింది. సిండికేట్లు అంటగట్టిన సరుకు కూడా కారణమేనన్న ఆరోపణలు అప్పుడు గుప్పుమన్నాయి. డిజైన్ లోపాలు, నాణ్యత లోపాలు, పర్యవేక్షణ లోపాలు దర్యాప్తుల్లో చర్చకు వచ్చాయి. కాంట్రాక్టు ఇచ్చింది ఒక ప్రభుత్వం, పని సాగింది మరో ప్రభుత్వ హయాంలో. ఇద్దరూ వేలు ఎదుటివారివైపే చూపించారు.

సొమ్ము చాలా చేతులు మారినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. లాభంలో వాటా అందరికీ ఉంటుంది. బాధ్యతలో వాటా ఎవరికీ ఉండదు. సరుకు ఇచ్చినవాడు ధర గురించి, కొన్నవాడు గడువు గురించి, తనిఖీ చేయాల్సినవాడు తన పై అధికారి గురించి ఆలోచిస్తాడు. వంతెన కింద నడిచే మనిషి గురించి ఆలోచించవలసిన పని ఎవరికీ అప్పజెప్పి ఉండదు.

కొనేవారి సంగతేమిటి?

సిండికేట్ మీద విరుచుకుపడే న్యూ టౌన్ మధ్యతరగతి ఈ లెక్కలో తన పద్దును మరిచిపోతుంటుంది. బిల్డర్ సిండికేట్‌కు ఇచ్చిన అదనపు సొమ్మును ఫ్లాటు ధరలో కలిపాడు. కొనుగోలుదారు కట్టాడు. ఎందుకంటే రెండేళ్లలో అది రెట్టింపవుతుందన్న నమ్మకం అతనికి ఉంది. పెరుగుదలలో తన వాటా ఉన్నంతవరకూ దాని వెనక ఏం జరిగిందన్నది చాలామందికి అవసరం లేని సమాచారం. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఒక ధర, చేతులు మారేది మరో ధర అన్న అలవాటు దేశంలో ఏ నగరానికీ కొత్త కాదు. నిజాయితీగా జీతం మీద పన్ను కట్టే ఉద్యోగి కూడా ఇల్లు కొనేటప్పుడు సంచిలో కొంత నగదు పట్టుకెళ్లడం తప్పుగా భావించడు. అందరూ చేసేదేగా అన్నది అతని సమర్థన. మా నేలేగా అన్నది లారీ ఆపిన కుర్రాడి సమర్థన. రెండింటిలో ఏది బలమైనదో పాఠకులే తేల్చుకోవచ్చు.

అదే కొనుగోలుదారు తాను మోసపోయినప్పుడు చట్టం కోసం వెతుక్కున్నాడు. కేంద్రం 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం తెస్తే, పశ్చిమ బెంగాల్ 2017లో దానికి బదులు సొంత చట్టం చేసుకుంది. ఇళ్ల కొనుగోలుదార్ల వేదిక ఒకటి కోర్టుకెక్కగా, 2021 మే 4న సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర చట్టాన్ని కొట్టివేసింది. సంఘటితంగా అడిగితే న్యాయం దక్కుతుందని ఫ్లాటు కొన్నవారు నిరూపించారు. అదే నేల పోగొట్టుకున్నవారికి అంత తొందరగా, అంత శుభ్రంగా న్యాయం దక్కే దారి ఎవరూ చూపలేదు.

డబ్బు చెడ్డదా, మనిషి చెడ్డవాడా?

ధనమూలమిదం జగత్ అని పెద్దలు ఏనాడో తేల్చేశారు. డబ్బు చూస్తే మనిషి మారిపోతాడన్నది మన ఇళ్లలో రోజూ వినే మాట. అయితే ఆధునిక పరిశోధన అంత సూటిగా ఆ మాటను సమర్థించడం లేదు.

2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఓ అధ్యయనంలో పరిశోధకులు భారత్ సహా 40 దేశాల్లో 355 నగరాల్లో 17 వేలకు పైగా పర్సులను, దొరికాయని చెప్పి హోటళ్లు, బ్యాంకులు, పోలీసు స్టేషన్లలాంటి చోట్ల కౌంటర్లలో అప్పగించారు. కొన్నింట్లో డబ్బు లేదు, కొన్నింట్లో ఉంది. డబ్బు లేని పర్సుల విషయంలో సొంతదారుకు కబురు పెట్టినవారు సుమారు 40 శాతం. డబ్బున్న వాటి విషయంలో 51 శాతం. సొమ్ము ఎక్కువుంటే నొక్కేస్తారన్న అంచనా తలకిందులైంది. తమను తాము దొంగగా చూసుకోవడానికి మనుషులు ఇష్టపడరన్నది పరిశోధకులు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది.

రాజార్‌హాట్‌ను అర్థం చేసుకోవడానికి ఇక్కడ ఒక తాళంచెవి దొరుకుతుంది. పరాయి సొమ్ము తీసుకోకుండా మనిషిని ఆపేది సిగ్గు. తనకు అన్యాయం జరిగిందన్న నిజమైన కారణం చేతిలో ఉన్నవాడికి ఆ సిగ్గు ఉండదు. అతను తీసుకుంటున్నది దొంగ సొమ్ము కాదు, బాకీ. అన్యాయం చేసిన ప్రభుత్వం అతని భూమినే కాదు, అతన్ని ఆపగలిగే ఆ ఒక్క సిగ్గునూ పట్టుకుపోయింది. బాకీ ఎంతో రాసి పెట్టిన పద్దు లేదు కాబట్టి అది ఎన్నటికీ తీరదు కూడా.

డబ్బు ప్రవేశించడంతో విషయం స్వభావమే మారిపోవడం మరో కోణం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాలకు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని కొన్ని కేంద్రాలు జరిమానా పెట్టాయి. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. టీచరమ్మను కూర్చోబెట్టడం తప్పు అనుకున్నవారు డబ్బు కడుతున్నాం కదా అనుకోవడం మొదలుపెట్టారు. జరిమానా ఎత్తేశాక కూడా పాత మర్యాద తిరిగి రాలేదు. గ్నీజీ, రుస్టిచీని అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన అధ్యయనమిది. స్విట్జర్లాండ్‌లో 1993లో తమ ఊరి దగ్గర అణు వ్యర్థాలు నిల్వ చేయడానికి ఒప్పుకుంటారా అని అడిగితే సగంమందికి పైగా సరేనన్నారు. పరిహారం ఇస్తామని జోడించి అడిగితే ఒప్పుకున్నవారు నాలుగో వంతుకు పడిపోయారు. పౌరులుగా అడిగినప్పుడు ఒప్పుకున్నవారే బేరగాళ్లుగా అడిగినప్పుడు కాదన్నారు.

స్విస్ పౌరులకు కనీసం ఆ ప్రశ్న వేశారు. రాజార్‌హాట్‌లో ప్రశ్న వేయకుండా చెక్కు చేతిలో పెట్టారు. ఊరికి, సర్కారుకు మధ్య ఇకపై భాష ధర ఒక్కటేనని ఆ చెక్కు చెప్పింది. పల్లె ఆ భాషను త్వరగానే నేర్చుకుంది. తర్వాత అదే భాషలో తిరిగి మాట్లాడితే నగరం ఉలిక్కిపడింది.

మన దగ్గర వేరుగా ఉందా?

తెలుగు పాఠకుడికి ఇదంతా ఎక్కడో బెంగాల్ గొడవగా తోచాల్సిన పని లేదు. 1990ల చివర్లో రాజార్‌హాట్‌కు పునాది పడుతున్నప్పుడే హైదరాబాద్‌లో మాదాపూర్ రాళ్ల మధ్య హైటెక్ సిటీ లేచింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరా వంద కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అసైన్డు భూములు, ఇనాం భూములు, వారసుల సంతకాలు, నకిలీ పత్రాల చుట్టూ నలిగిన కుటుంబాల సంగతి రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కిన ఎవరినడిగినా తెలుస్తుంది. 2009 జనవరిలో దేశాన్ని కుదిపేసిన సత్యం కుంభకోణం చివరి అంకంలోనూ భూమే ఉంది. అంతకు కొద్ది వారాల ముందే ఆ ఐటీ కంపెనీ డబ్బుతో రియల్ ఎస్టేట్, నిర్మాణ వ్యాపారంలోని కుటుంబ సంస్థలు మేటాస్‌లను కొనాలని చూసి వాటాదార్ల వ్యతిరేకతతో వెనక్కి తగ్గారు.

అమరావతి కాస్త భిన్నమైన ప్రయోగం. 2015లో 29 గ్రామాల రైతులు సమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. డబ్బు కాకుండా అభివృద్ధి చేసిన ప్లాట్లు, ఏటా కౌలు ఇస్తామన్నది ఒప్పందం. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను కూడా చేర్చారు. పెరిగే ధరలో రైతుకు వాటా ఉండాలన్న సూత్రం రాజార్‌హాట్ కంటే ఎన్నో రెట్లు మెరుగు. అయినా ఒప్పందం విలువ దాన్ని నిలబెట్టే మాటమీద ఆధారపడుతుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదనతో ఆ మాట గాలిలో తేలింది. రైతులు ఏళ్ల తరబడి దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వ మార్పు తర్వాత పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్యకాలంలో ధర పడిపోవడం కన్నా ఎక్కువ బాధించింది, సర్కారు సంతకానికి కూడా గడువు తేదీ ఉంటుందా అన్న సందేహం.

ఆలస్యంగా వచ్చిన చట్టం

1894 చట్టం స్థానంలో కొత్త భూసేకరణ చట్టం పార్లమెంటు ఆమోదం పొందింది 2013లో. అమల్లోకి వచ్చింది 2014 జనవరి 1న. మార్కెట్ విలువకు గ్రామీణ ప్రాంతాల్లో రెండు రెట్ల వరకు హెచ్చింపు, దానిమీద నూరు శాతం సాంత్వన సొమ్ము, ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యాలకు 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి, సామాజిక ప్రభావ అంచనా ఇందులో ఉన్నాయి. భూమి లేకపోయినా దానిమీద బతికే కూలీని, కౌలుదారును కూడా బాధితులుగా గుర్తించింది. రెండేళ్ల తర్వాత, 2016 ఆగస్టు 31న సింగూరు భూసేకరణను సుప్రీంకోర్టు రద్దు చేసి భూములు రైతులకు తిరిగి ఇమ్మంది. రాజార్‌హాట్ రైతుకు ఇవేవీ అందలేదు. అతని నేలమీద అప్పటికే కాంక్రీటు గట్టిపడింది.

చట్టం పరిహారాన్ని పెంచగలదు. అయితే న్యూ టౌన్ చెబుతున్నది పరిహారం ఎక్కువైతే అన్నీ సర్దుకుంటాయని కాదు. అడిగి తీసుకున్నదానికీ, లాక్కుని లెక్క కట్టినదానికీ తేడా ఉంటుందని. పెరిగే ఫలంలో చట్టబద్ధమైన వాటా ఇవ్వకపోతే జనం చట్టం బయట దాన్ని వెతుక్కుంటారని. ఒకసారి బయట దొరికాక మళ్లీ లోపలికి రావడం కష్టమని. సిండికేట్లను అరెస్టులతో అణచవచ్చు. అవి పుట్టిన బాకీని అరెస్టు చేయడం కుదరదు.

న్యూ టౌన్ విస్తరణ ఆగలేదు. నగరం అంచు జరిగిన ప్రతిసారీ అక్కడ ఒక పొలం ఉంటుంది, దానికో కాగితం ఉంటుంది, కాగితం లేని పది కుటుంబాలు ఉంటాయి. ఆ పది కుటుంబాలను లెక్కలోకి తీసుకుంటే ఎంత ఖర్చవుతుందో అధికారులు ఇట్టే చెప్పగలరు. తీసుకోకపోతే ఎంతవుతుందన్నది మాత్రం ఇసుక లారీ గేటు దగ్గర ఆగినప్పుడే తెలుస్తుంది.